మనుషుల గోల వదిలించుకోవడం ఎలా?

అమ్మ ఫోను, చెల్లెలి అలక, స్నేహితుడి కష్టాలు, భార్య "నీతో కాస్త మాట్లాడాలి" అనడం... వీటన్నిటికీ ఓపిక కావాలి. అది ఉంటే మీరు ఇదెందుకు చదువుతారు? వారానికి రెండు దమ్ములతో మొదలుపెట్టి, చుట్టూ ఒక్క మనిషీ మిగలకుండా చేసుకునే పద్ధతి చెబుతాను. శ్రద్ధగా పాటించండి. శ్రద్ధ లేకపోయినా పర్లేదు, ఈ పని దానంతటదే అవుతుంది.

1. ముందు పేరు మార్చండి. "గంజాయి" పోలీసుల మాట. మీరు "స్టఫ్" అనండి. ఇంకా ఘాటుగా కావాలంటే "శివుడి ప్రసాదం" అనండి. శివుడు గరళం కూడా మింగాడు కదా అని ఎవరైనా అడిగితే మాట మార్చండి.

2. ప్రేమ కోసమే కొడుతున్నానని చెప్పండి. నలుగురు గుండ్రంగా కూర్చుని ఒక్కదాన్నే చేతులు మార్చుకుంటుంటే చూడ్డానికి ఎంత అన్యోన్యంగా ఉంటుందో! రాత్రి రెండింటికి "మామా, నువ్వు లేకపోతే నేను లేను" అని వాడి మెడ మీద పడి ఏడవండి. తెల్లారి వాళ్ల నాన్నని ఆస్పత్రిలో చేర్చారని మెసేజ్ వస్తే, చేతులు జోడించిన బొమ్మ ఒకటి పంపి ముసుగు తన్నండి. బాకీ తీరింది.

పార్టీల్లో మాత్రలు మింగేవాళ్లది ఇంకో మెట్టు పైన. ఆ మాత్రల్లోని ఎండీఎంఏ అనే మత్తుమందు మెదడులో సెరొటోనిన్‌ని ఒక్కసారిగా కుమ్మరిస్తుంది, ఆక్సిటోసిన్‌నీ పెంచుతుంది. దాంతో గుమ్మం దగ్గరి బౌన్సరు కూడా బావమరిదిలా కనిపిస్తాడు. పదేళ్ల కాపురంలో భార్యతో అనని తియ్యటి మాటలు పార్కింగ్ కుర్రాడితో అనేయవచ్చు. రెండు మూడు రోజులకు దిగులు ముంచుకొస్తుంది. అది ఇంట్లోవాళ్ల వాటా. విందు బయటివాళ్లకి, ఎంగిలి విస్తరి ఇంటివాళ్లకి. పంపకం గుర్తుంచుకోండి.

3. ముఖాలు చదవడం మానేయండి. దీనికి కష్టపడక్కర్లేదు. గంజాయి అలవాటైనవాళ్లు ఎదుటివాళ్ల ముఖంలో భయం, బాధ లాంటివి పోల్చుకోవడంలో వెనకబడతారని కొన్ని పరిశోధనల్లో కనిపించింది. వరమంటే ఇదీ. పెళ్లిచూపులయ్యాక చెల్లెలు వంటింట్లో పళ్లేలు తోముతూ ఉంటుంది. తోమిందే తోముతూ ఉంటుంది. మీకేమీ కనిపించదు. "జిలేబీ మిగిలిందా?" అని అడిగి ఎనిమిది తినండి. ఇక ఆ పిల్ల జన్మలో మీకేమీ చెప్పదు. ఒక మనిషి తగ్గింది.

4. అమ్మ రోజూ రాత్రి తొమ్మిదికి ఫోను చేస్తుంది. సరిగ్గా తొమ్మిదికే వెలిగించి, మీటింగులో ఉన్నానని చెప్పండి. "ఇంత రాత్రి మీటింగేమిట్రా?" అంటే "అమెరికా క్లయింటమ్మా" అనండి. అమెరికా క్లయింటుని శంకించే తల్లి తెలుగునాట ఇంకా పుట్టలేదు. పండక్కి వెళ్లినప్పుడు కళ్లు ఎర్రగా ఉంటే కళ్లకలక అనండి. సంక్రాంతికి కళ్లకలక, ఉగాదికి కళ్లకలక, దసరాకి కళ్లకలక. నాలుగోసారికి ఆవిడే కంటిచుక్కలు కొని, ఆవకాయ సీసాతోపాటు కొరియర్‌లో పంపుతుంది. ఆవకాయ తినండి. చుక్కల సీసా అటక మీద, పాతవాటి పక్కన పెట్టండి.

5. అప్పులు స్నేహితుల దగ్గరే చేయండి. వాళ్లు అడగడం, మీరు ఫోను ఎత్తకపోవడం, చివరికి వాళ్లే ఎదురుపడకుండా తప్పుకోవడం: అంతా మూడు నెలల పని.

6. ఎప్పుడైనా బుద్ధిపుట్టి నాలుగు రోజులు మానేస్తారనుకోండి. నిద్ర పట్టదు, అన్నం సహించదు, ఈగ వాలినా చిరాకు. మొదటి వారం గట్టిగా ఉండి, తర్వాత రెండు మూడు వారాల్లో తగ్గే బాధ ఇది. ఆ సంగతి తెలిసినట్టు ఉండకండి. చిరాకంతా భార్య గిన్నెలు చప్పుడు చేయడం వల్లేనని తేల్చండి. "నన్ను అర్థం చేసుకునేవాళ్లే లేరు" అని గట్టిగా, పక్కింటికి వినపడేలా అనండి. అయిదో రోజు మళ్లీ వెలిగించడానికి ఇంతకన్నా మంచి సాకు దొరకదు. ఆమె పుట్టింటికి వెళ్తే గిన్నెల చప్పుడు కూడా ఉండదు.

7. ఒక్క ప్రమాదం ఉంది. మత్తు మానాలనుకునేవాళ్ల కోసం 14446 అని ఉచిత ఫోను నంబరు ఒకటి పెట్టారు. పైగా 1985 నాటి మాదకద్రవ్యాల చట్టంలో 64ఎ అనే సెక్షన్ ఉంది. కొద్ది మోతాదు కేసులో ఇరుక్కున్న వ్యసనపరుడు తనంతట తాను గుర్తింపు ఉన్న కేంద్రంలో చికిత్సకు చేరి, దాన్ని పూర్తిచేస్తే ఆ కేసులో విచారణ నుంచి మినహాయింపు ఇస్తుందది. ఇవి చదివితే "చికిత్సకి వెళ్తే జైల్లో వేస్తారు" అనే మంచి సాకు పాడవుతుంది. చదవకండి. ముఖ్యంగా ఆ నంబరు అమ్మ కంటపడనివ్వకండి. ఆవిడ చదివింది అయిదో తరగతే అయినా, అయిదంకెలు నొక్కడం వచ్చు.