మజా కారు కావలెను

బడ్జెట్ దాటకూడదు, నడిపితే మజా రావాలి, రోజూ ఆఫీసుకూ పనికిరావాలి. హైదరాబాద్‌లో కారు కొనే కుర్రాడి కోరికలివి. పాపం, షోరూమ్‌కి ఒంటరిగా వెళ్లనిస్తేగా! నాన్నగారు మైలేజీ అడుగుతారు, అమ్మ రంగు చూస్తుంది, బావ రీసేల్ తేలుస్తాడు. పిల్లలకు సన్‌రూఫ్ కావాలి, తల బయటపెట్టి మాదాపూర్ దుమ్ము పీల్చడానికి. స్టీరింగ్ ఎలా ఉందని అడిగే నాథుడే లేడు.

2025 సెప్టెంబరు 22 నుంచి చిన్న కార్లపై జీఎస్టీ 18 శాతానికి దిగింది. పొడవు నాలుగు మీటర్లు, పెట్రోలు ఇంజిను 1,200 సీసీ మించకూడదు. సరదాకు సర్కారే టేపు పెట్టి కొలతలిచ్చిందన్నమాట. అన్యాయంగా మాట్లాడకూడదు, ఆ కొలతల్లోనే ఐ20 ఎన్ లైన్ 998 సీసీ టర్బోతో 120 పీఎస్ ఇస్తుంది. మరి తగ్గిన పన్ను ఏమైంది? ఫ్లోర్ మ్యాట్లు, సెరామిక్ కోటింగ్, 'మా దగ్గరే తీసుకోండి సార్' అనే బీమా పేర్లతో ఆన్‌రోడ్ ధరలోకి తిరిగొచ్చింది.

డెలివరీ రోజు చక్రాల కింద నిమ్మకాయలు. వాటిని తొక్కించిన ఊపే ఊపు. ఆపైన కూకట్‌పల్లి నుంచి హైటెక్ సిటీ దాకా మొదటి గేరు, రెండో గేరు, మళ్లీ మొదటి గేరు. మిగతా గేర్లకు కూడా డబ్బు కట్టాం కదా అనిపిస్తే ఔటర్ రింగురోడ్డు ఉంది. టోలు చెల్లించి, హాయిగా పటాన్‌చెరు వెళ్లి రావచ్చు, అక్కడ పనేమీ లేకపోయినా.