గీతకు వయోపరిమితి

భగవద్గీత చదవాలంటే మన దగ్గర ఒక అర్హత కావాలి: రిటైరై ఉండాలి. మోకాళ్ల నొప్పులు కూడా ఉంటే మరీ మంచిది. పాతికేళ్ల కుర్రాడు గీత ముందేసుకుని కూర్చుంటే వాళ్లమ్మకు గుండె దడ. వెంటనే సంబంధాలు చూడమని మొగుణ్ణి తొందరపెడుతుంది.

భీష్మపర్వం తెరిస్తే కథ తిరగబడి ఉంటుంది. విన్నవాడు విల్లు పట్టిన అర్జునుడు, అదీ రెండు సైన్యాల నడుమ రథం ఆపించుకుని. రిటైరవ్వాల్సిన వయసు భీష్ముడిది. ఆయనేమో అవతల సేనాపతి ఉద్యోగం చేస్తున్నాడు. ఆ ముసలాయన్ని కూర్చోబెట్టి గీత చెప్పాలని కృష్ణుడికి తోచనే లేదు!

ఘంటసాల చివరి ఏళ్లలో ప్రాణం పెట్టి పాడిన గీతను మనం వైకుంఠ రథానికి అప్పగించాం. ఆ గొంతు వీధిలో వినిపిస్తే చాలు, "ఎవరు పోయార్రా?" అంటూ బయటికొస్తాం. యుద్ధం చెయ్యమని బతికున్నవాడికి చెప్పిన మాటలు, ఇక ఏమీ చెయ్యలేని వాడికి స్పీకరు పెట్టి వినిపిస్తున్నాం. పోయినవాడు అడ్డు చెప్పడు కాబట్టి అందరికీ సౌకర్యం.

ఏడు వందల శ్లోకాలు ఎవరు చదువుతారు? గోడకు 'గీతాసారం' ఉంది కదా. జరిగిందంతా మంచికేనని ఓదార్చే ఆ పోస్టరు మాటలు పద్దెనిమిది అధ్యాయాలు గాలించినా దొరకవు. బొమ్మలో కృష్ణుడున్నాడు గనక మాటలూ ఆయనవే అయిపోయాయి. ఇక గీత మీద చెయ్యేసి ప్రమాణం చేసేది మన సినిమా కోర్టుల్లో. 1969 నాటి ప్రమాణాల చట్టం ఏ గ్రంథాన్నీ ముట్టుకోమనదు.

రెండో అధ్యాయం నలభై ఏడో శ్లోకం మాత్రం అందరికీ కంఠతా. ముఖ్యంగా ఇంక్రిమెంట్ల నెలలో మేనేజర్లకు. ఫలం మీద ఆశ వద్దని కింది ఉద్యోగికి బోధిస్తారు. తమ బోనస్ విషయంలో ఆ శ్లోకం ఎందుకో గుర్తు రాదు.

ఇంత భక్తిలోనూ మనం జాగ్రత్తగా వదిలేసింది అర్జునుడి నోరు. కర్మకంటే జ్ఞానమే గొప్పదైతే నన్నీ ఘోరంలోకి ఎందుకు దించుతావని అడిగాడు. ఈ యోగాన్ని సూర్యుడికి నేనే చెప్పానని కృష్ణుడంటే, ఆయన ఎప్పటివాడు, నువ్వెప్పటివాడివి, ఎలా నమ్మమంటావని నిలదీశాడు. కృష్ణుడు నొచ్చుకోలేదు. చివర్లో, బాగా ఆలోచించుకుని నీ ఇష్టం వచ్చినట్టు చెయ్యమన్నాడు కూడా.

ఇవాళ అర్జునుడు ఏ ప్రవచనానికైనా వచ్చి ఆ సూర్యుడి ప్రశ్న అడగాలి. సగంలోనే వలంటీరు మైకు లాక్కుని, "ప్రసాదం క్యూ అటువైపు బాబూ" అని దారి చూపిస్తాడు.