పీ 0300

నాచారం పారిశ్రామికవాడ పక్క సందులో మా ఉస్తాద్ షెడ్డు. రెండు నెలల్లో నాలుగోసారి వెళ్లాను. నాది 2014 మోడల్ పెట్రోలు కారు. కలిసొచ్చిన బండి, అమ్మడానికి మనసొప్పదు. ఇంజను లైటు వెలుగుతుంది. స్కానర్ పెడితే పీ 0300, అంటే మిస్సింగ్, సిలిండర్లో మంట తప్పుతోందని. 0302 అని వస్తే రెండో సిలిండర్‌ని పట్టుకోవచ్చు. ఇది అలా కాదు, పేరు చెప్పకుండా అందరి మీదా చాడీలు చెప్పే రకం.

ప్లగ్గులు నాలుగూ మార్చాడు. తర్వాత కాయిళ్లు. ఇంజెక్టర్లు కడిగాడు, కంప్రెషన్ చూశాడు. నాచారంలో ఎంత తిప్పినా లైటు రాదు. ఉప్పల్ రింగు దాటి మా కాలనీ చేరేసరికి మళ్లీ ప్రత్యక్షం. బిల్లు దగ్గర ప్రతిసారీ గీచి గీచి బేరమాడాను. "నాసిరకం సామానేశావు. పనిలో కోత ఎక్కడ పెడతారో నాకు తెలీదా?" అని కూడా అనేశాను. ఆయన మొహం చిన్నబోయింది.

ఈసారి స్కానర్ ఒళ్లో పెట్టుకుని నా పక్కనే కూర్చున్నాడు. హబ్సిగూడలో మిస్సింగ్ లెక్క సున్నా. భూకంపాల మీద పరిశోధనలు చేసే ఎన్జీఆర్ఐ ముందు కూడా సున్నాయే. ఉప్పల్ రింగు ట్రాఫిక్‌లో సున్నా. మా కాలనీ రోడ్డెక్కామో లేదో... మూడు, ఏడు, పంతొమ్మిది.

"ఆపుండ్రి సార్. ఇంజన్ మంచిగనే ఉంది," అన్నాడు. "మంట తప్పిందో లేదో కంప్యూటర్ చూడలేదు. క్రాంకు తిరిగే వేగం చూస్కుంట కూసుంటది. మంట తప్పితే క్రాంకు జర వెనకబడ్తది. గుంతల చక్రం ఎగిరిపడ్డా ఆ కుదుపు గేరుబాక్సుల నుంచి క్రాంకు దాంక పోతది. కొన్ని బండ్లల్ల ఏబీఎస్ సెన్సర్లు 'అది గుంత' అని చెప్తయ్. మీ దాంట్ల అవి లెవ్వు. అందుకే మిస్సింగ్ అనుకుంటది, పాపం."

దిగి, చెప్పు కొసతో రోడ్డును గీరాడు. కంకర పిడికెడు లేచొచ్చింది.

"నిరుడు ఎండకాలం ఏసిన ప్యాచు. రెండు వానలకే గిట్లయింది. ఎవడేసిండో గాని సార్, తారంత తాగిండు."

షెడ్డుకి తిరిగొచ్చాం. ఐదొందలు ఇమ్మన్నాడు. రెండు వేలు చేతిలో పెట్టాను.

"ఏంది సార్, ఇయ్యాల బేరం లేదా?"

ఏం చెప్పను? ఆ ప్యాచు బిల్లు పాసైంది నా పేరు మీదే.