కాడలు లేని చట్టం

మన దేశంలో ఒంటిమీది బట్ట కంటే చేతిలోని కవరుకే కొలతలు ఎక్కువ. 2011లో కేంద్రం వారు కవరు మందం 40 మైక్రాన్లకు తగ్గకూడదన్నారు. 2016లో ఆలోచించి 50 చేశారు. 2021 సెప్టెంబరు 30 నుంచి 75 అన్నారు, 2022 డిసెంబరు 31 నుంచి 120. పదకొండేళ్ళలో గెజెట్‌లో కవరు మూడింతలు లావెక్కింది. ఆ పదకొండేళ్ళూ మా నెల్లూరు జిల్లా కలిగిరి అంగళ్ళలో మాత్రం అది చిక్కుతూనే వచ్చింది. ఇప్పుడెంత పల్చనయిందంటే, రోడ్డు మీద ఎదురుపడ్డ మనిషిని "ఏం కూర?" అని అడగాల్సిన పని లేదు. వంకాయలా, దొండకాయలా అన్నది కవరే చెప్పేస్తుంది. పుచ్చులతో సహా.

ఆ 2016 నిబంధనల్లోనే ఇంకో ముత్యముంది. కవర్లు ఇవ్వదలుచుకున్న అంగడివాడూ వీధి వ్యాపారీ స్థానిక సంస్థలో పేరు రాయించుకొని ఏడాదికి కనీసం 48,000 రూపాయలు, అంటే నెలకు 4,000 కట్టాలి. కరివేపాకు గంప ముందు కూర్చున్న అవ్వ కూడా. ఆ అవ్వకు ఈ సంగతి చేరేలోపే, 2018లో, నిబంధననే ఎత్తేశారు. అవ్వ గెలిచింది. తాను పోట్లాడిందని ఆమెకు తెలియదు.

సరే, మందం సంగతి పర్యావరణం వాళ్ళు చూసుకుంటారు. నా తగాదా కాడల గురించి. ఆ నిబంధనల్లో క్యారీ బ్యాగంటే ఏమిటో చెప్పేటప్పుడు, పట్టుకుపోవడానికి దానికే ఓ వీలుండాలని ఒక ముక్క అని ఊరుకున్నారు. ఆ వీలు ఎంత వెడల్పుండాలి, ఎన్ని కిలోలకు ఆగాలి, ఎంత దూరం నడిచాక వేలిని కొయ్యడం మొదలుపెట్టొచ్చు, ఇవేవీ అందులో లేవు. చూపుడువేలికి మైక్రాన్లుండవు కాబట్టి దాన్ని పట్టించుకునే శాఖ లేదు. అయిదు కిలోల సామానుతో సెంటరు నుంచి ఇంటికి నడిచినవాళ్ళ చేయి ఒకసారి తిప్పి చూడండి. గెజెట్‌లో ఎక్కని రూలు అక్కడ ఎర్రగా గీసి ఉంటుంది.

అంగడాయన తప్పేమీ లేదని ముందే చెప్పాలి, లేకుంటే రేపు అప్పు పుట్టదు. ఆయన కళ ఆయనది. కట్టలోంచి ఒక కవరు లాగి, బొటనవేలు నాలుకకు తాటించి, రెండు పొరలూ నలిపి, అప్పటికీ విడిపోకపోతే నోటి దగ్గర పెట్టుకొని ఒక్క ఊదు ఊదుతాడు. కరోనా కాలంలో దేశమంతా మూతికి గుడ్డ కట్టుకున్నప్పుడు కూడా ఈ ఊదుడు ఆగలేదు. మాస్కు గడ్డం కిందికి దించి, ఊది, మళ్ళీ పైకి లాక్కునేవారు. జాగ్రత్త అంటే అదీ.

తర్వాత సర్దుడు. బరువైనది అడుగున, మెత్తనిది పైన అని లోకంలో అందరికీ తెలుసు, తక్కెడ వెనకున్న మనిషికి తప్ప. అక్కడి న్యాయం వేరు. ముందు అడిగింది ముందు పడుతుంది. టమాటాలు ముందు అడిగిన పాపానికి అవి అడుక్కు పోతాయి. వాటి మీద రెండు ఉప్పు ప్యాకెట్లు, ఆ పైన గుమ్మడికాయ ముక్క. మునగకాయలు పక్కనుంచి కవరును చీల్చుకొని వీధిని చూస్తుంటాయి. పాల ప్యాకెట్టు చెమటకు శనగపిండి పొట్లం అడుగు మెత్తబడుతుంది. కొసరుగా విసిరిన కరివేపాకు రెబ్బ ఒక్కటే అన్నిటికంటే పైన, నలగకుండా, దర్జాగా కూర్చుంటుంది. ఊరికే వచ్చినవాళ్ళకి పై సీటు దొరకడం మనకు కొత్త కాదు.

"అన్నా, గుడ్లు విడిగా కట్టవా?"

"ఏం గాదులే అబ్బయా, యాడికి పోతాయవి?"

నిజమే, గుడ్లు ఎక్కడికీ పోవు. పోయేది సొన.

చివరగా ముడి. కాడలు రెండూ మెలిపెట్టి, గాలి కూడా చొరనంతగా బిగించే ఆ ముడిని చేత్తో విప్పిన మనిషిని నేనింతవరకూ చూడలేదు. పళ్ళతో పీకాలి, లేదా కత్తి తేవాలి. కత్తి తెచ్చాక ఆ కవరు రెండోసారికి పనికిరాదు. ఒకసారి వాడి పారేసే ప్లాస్టిక్ వస్తువుల మీద 2022 జులై 1 నుంచి దేశమంతా నిషేధం పెట్టారు. స్ట్రాలు దొరికిపోయాయి, చెవుల్లో పెట్టుకునే పుల్లలు దొరికిపోయాయి, ప్లాస్టిక్ చెంచాలు దొరికిపోయాయి. (చెంచాలకు మాకు బెంగ లేదు. పక్కనే ఉదయగిరి వాళ్ళు చెక్కతో చెంచాలు చెక్కి భౌగోళిక గుర్తింపు కూడా తెచ్చుకున్నారు.) కవరును ఒక్క వాడకంతో చంపేసే ఆ ముడి మాత్రం ఇంకా స్వేచ్ఛగా తిరుగుతోంది.

బండి ఉన్నవాడి బాధ బండివాడిది. హ్యాండిలుకు తగిలించిన కవరు ప్రతి గుంతకూ మోకాలిని పలకరిస్తుంది. పల్లెల్లోకి పోయే రోడ్ల మీద గుంతలకు కరువు లేదు కనుక ఆ పలకరింపు ఇల్లు చేరేదాకా సాగుతుంది. మలుపు తిప్పితే ట్యాంకుకీ హ్యాండిలుకీ మధ్య ఇరుక్కుంటుంది. వెనక తగిలిస్తే పోయి సైలెన్సర్‌ను కావిలించుకుంటుంది. అది చక్కెర కవరయితే ఇక ఊరిదాకా తెల్లటి గీత గీసుకుంటూ పోవడమే, చీమలకు దారి చూపించి పుణ్యం కట్టుకోవడమే.

బస్సులో మనిషికి సీటు దొరికినా కవరుకు దొరకదు. కింద పెడితే బ్రేకు పడ్డప్పుడల్లా ఎర్రగడ్డలు డ్రైవరు దగ్గరికి దొర్లిపోతాయి. "అక్కా, రవ్వంత కాలు ఎత్తు, గడ్డ పోయినాది" అని బతిమాలుకుంటూ సీట్ల కింద పాకాలి. 2025 ఆగస్టు 15 నుంచి స్త్రీశక్తి పథకం వచ్చి పల్లెవెలుగులో ఆడవాళ్ళకు టిక్కెట్టు లేకుండా పోయింది. మంచి మాటే. ఆ మంచిని మా ఇళ్ళల్లో మగవాళ్ళు రెండు రోజుల్లోనే అర్థం చేసుకున్నారు. "నీకెట్టా ఫ్రీనే గదా, పొయ్యి సామాను తెచ్చుకో పో." ప్రభుత్వం టిక్కెట్టు తీసేసింది, మొగుడు సంచి చేతికిచ్చాడు.

సంచి అంటే గుర్తొచ్చింది. మెట్ట రైతుకు ఒకప్పుడు భుజం మీది తువాలే సంచి. నాలుగు చెంగులూ కలిపి ముడేస్తే కందులైనా, బెల్లమైనా, చంటిదానికి కొన్న బొమ్మైనా అందులోనే ఇంటికి వచ్చేవి. ఇప్పుడా భుజాల మీదికి పార్టీ కండువాలు వచ్చాయి. వాటిలో సామాను మూటగడితే బాగుండదు. పైగా రంగు ఎప్పుడు మార్చాల్సి వస్తుందో తెలియదు, అప్పటికప్పుడు మూట విప్పుకోవడం కష్టం. ఇక కుర్రాళ్ళు. ఇరవై వేల ఫోను చేత్తో పట్టుకొని ఊరంతా తిరగడానికి సిగ్గులేదు గాని, గుడ్డ సంచి పట్టుకొని అంగడికి పోవాలంటే నామోషీ. ఆ సంచి చూస్తే పిల్లనివ్వరని ఎవరో చెప్పినట్టున్నారు.

ఇంట్లో సంచులు లేక కాదు. ఏ తలుపు వెనక చూసినా పెళ్ళి సంచులే. తాంబూలంతో చేతిలో పెట్టే ఆ సంచి కొబ్బరికాయకు సరిగ్గా సరిపోతుంది, సొరకాయకు చాలదు. దాని మీద వధూవరుల పేర్లు, ముహూర్తం, కల్యాణ మండపం అన్నీ అచ్చు వేసి ఉంటాయి. అందులో ఎండు నెత్తళ్ళు కట్టించుకొని వస్తుంటే, కచ్చితంగా ఆ పెళ్ళికి పిలుపందని బంధువే ఎదురుపడతాడు. సంచి చదువుతాడు. నెత్తళ్ళ వాసన చూస్తాడు. ఏమీ అనడు. ఆర్నెల్ల తర్వాత అంటాడు.

మెట్టలో నమ్మదగ్గ సంచి ఒక్కటే, యూరియాది. 2018లో దాని పొట్టలోంచి 5 కిలోలు తగ్గించి 45 చేశారు గాని నేతలో బిగువు తగ్గలేదు. 2022 అక్టోబరు నుంచి ఏ కంపెనీ యూరియా అయినా సంచి మీద 'భారత్' అనే ఉండాలన్నారు. సంచి ముఖాన్ని మూడు వాటాలు వేసి, రెండు కేంద్రం పథకం పేరుకూ గుర్తుకూ, ఒకటి కంపెనీకీ పంచారు. వాటాలు అంత పక్కాగా తేల్చినవారికి కాడలు తట్టలేదు. అవి ఇంట్లో పాత చీర అంచు చించి మేమే కుట్టుకోవాలి. దేశానికంతా ఒకటే ఎరువు, కాడలు మాత్రం ఎవరివి వాళ్ళవే.

కావలో నెల్లూరో పోయి చల్లటి మార్ట్‌లో కొంటే మర్యాదగా ఉంటుందనుకుంటే, బిల్లు దగ్గర నిలబడ్డ అమ్మాయి తియ్యగా అడుగుతుంది. "సార్, బ్యాగ్ కావాలా?" వద్దంటే రెండు వేల సామాను ఒళ్ళో పోసుకొని పోవాలి. కావాలంటే సంచి ధర బిల్లులోకి ఎక్కుతుంది, అంగడి పేరు అరచేయంత అక్షరాలతో మన చేతికి ఎక్కుతుంది. డబ్బిచ్చి మరీ వాళ్ళ ఫ్లెక్సీని మనం ఊరేగిస్తాం. 2019లో చండీగఢ్‌లో బాటా చెప్పులు కొన్న ఒకాయన మాత్రం ఊరుకోలేదు. కాగితం సంచికి 3 రూపాయలు తీసుకున్నారని వినియోగదారుల ఫోరం గడప తొక్కాడు. ఆ 3 రూపాయలూ తిరిగిచ్చి, పరిహారమూ ఖర్చులూ జరిమానా కింద 9,000 కట్టమని ఫోరం కంపెనీకి చెప్పింది. 2020 డిసెంబరులో బిగ్ బజార్ కేసులో జాతీయ కమిషన్ ఇంకాస్త ముందుకు పోయి, తీరా బిల్లు కట్టేటప్పుడు సంచి ధర నెత్తిన పెట్టడం అన్యాయమంది, కొనేవాడికి ముందే తెలియాలంది. వ్యాపారులు తీర్పును శిరసావహించారు. ఇప్పుడు గుమ్మంలోనే బోర్డు పెట్టి, ముందే తెలిపి, ఆ తర్వాతే నెత్తిన పెడుతున్నారు.

ఆ మార్ట్ సంచికి 'గుడ్డ సంచి' అని పేరు. చాలావాటిని నిప్పు దగ్గర పెడితే కాలవు, కరుగుతాయి. అది నేసిన బట్ట కాదు, ప్లాస్టిక్ పీచును అతికించి బట్ట వేషం కట్టించినది. ఆ వేషానికీ కొలత ఉంది లెండి, చదరపు మీటరుకు 60 గ్రాములు.

శాస్త్రం మా వైపు చూడలేదని అనను. మా జిల్లాలోనే ఆత్మకూరు మండలం మహిమలూరులో పుట్టిన సతీశ్ రెడ్డి గారు డీఆర్‌డీఓ చైర్మనుగా ఉండగా, 2021 ఆగస్టులో తిరుమలలో లడ్డూల కోసం మొక్కజొన్న పిండితో చేసిన సంచుల కౌంటరు తెరిచారు. క్షిపణులు చేసే సంస్థ సంచి చేసిపెట్టింది. 90 రోజుల్లో మట్టిలో కలిసిపోతుందన్నారు. మా కవరుకు అంత ఓపిక లేదు, బస్టాండుకీ ఇంటికీ మధ్యలోనే సామానును మట్టిలో కలిపేస్తుంది.

ఇక కలిగిరిలో ప్యాకింగు తెలిసినవాళ్ళే లేరంటారా, ఊరికి అన్యాయం చేసినవాళ్ళవుతారు. పొగాకు బోర్డు వేలం కేంద్రానికి పోయి చూడండి. వర్జీనియా పొగాకు బేలుకు జరిగే మర్యాద చూస్తే కళ్ళ నీళ్ళొస్తాయి, కొంత ఘాటుకు కూడా కావచ్చు. రంగు చూసి, పొడవు చూసి ఆకును వేరు చేస్తారు. నలగకుండా వరసగా పేరుస్తారు. అడుగున ఏది, పైన ఏది అన్న తెలివి అక్కడ అందరికీ ఉంటుంది. గోనెపట్టాలో చుట్టి, కుట్టి, చీటీ తగిలించి, తూకం వేసి బారులు తీర్చి నిలబెడతారు. బేలులో ఒక్క ప్లాస్టిక్ పోగు, ఒక్క కవరు పేలిక కనిపించకూడదని బోర్డు వారు రైతుకు పాఠాలు చెబుతారు, విదేశాల్లో కొనేవాళ్ళు ఒప్పుకోరని. 1976 నుంచి గుంటూరులో ఒక బోర్డే ఉంది ఆ ఆకు బాగోగులు చూడటానికి. గోంగూరకు బోర్డు లేదు. కాల్చి పారేసే ఆకు గోనెపట్టాలో పడుకొని పోతుంటే, తినే ఆకు ఊదితే గాని తెరుచుకోని కవర్లో నీరుగారి పోతుంది. పొద్దున ప్లాస్టిక్ పోగు తగలకుండా కాపాడి బేళ్ళు అమ్మిన రైతే, సాయంత్రం హోటల్లో పొగలుగక్కే సాంబారు కవర్లో పోయించుకొని ఇంటికి పోతాడు. దానికి అభ్యంతరం చెప్పే విదేశీ కొనుగోలుదారు ఇంకా దొరకలేదు.

మోత సంగతి ప్రభుత్వాలు అసలు ఆలోచించలేదనడం కూడా పాపమే. రేషన్ బియ్యం గడప దగ్గరికే అని 2021 జనవరి 21న 9,260 బండ్లు బయలుదేరాయి. చాలాచోట్ల బండి వీధి మొగలో ఆగింది, గడపే సంచి పట్టుకొని అక్కడికి నడిచిపోయింది. 2025 జూన్ 1 నుంచి ఆ బండ్లు పోయి మళ్ళీ రేషన్ అంగడే వచ్చింది. 65 ఏళ్ళు దాటినవాళ్ళకూ దివ్యాంగులకూ ఇంటికే తెచ్చిస్తామన్నారు. మిగతావాళ్ళం అరవై అయిదు దాటేదాకా ఆగాలి. అప్పటికి వేళ్ళు మిగిలి ఉంటే వేలిముద్ర వేస్తాం.

అందుకని నాదొక చిన్న సవరణ. కవరు గురించి గాని, సంచి గురించి గాని గెజెట్‌లో ఏ ముక్క అచ్చు వేసే ముందైనా దాని కింద సంతకం పెట్టే అధికారి కలిగిరి రావాలి. రోహిణి కార్తెలో, మిట్టమధ్యాహ్నం. రెండు కిలోల ఎర్రగడ్డలు, కిలో టమాటాలు, లీటరు నూనె ప్యాకెట్టు, అరలీటరు పాలు, డజను గుడ్లు, నాలుగు మునగకాయలు, ఒక కొత్తిమీర కట్ట. అంగడాయన తన పద్ధతిలోనే సర్ది, తన ముడే వేసి ఇస్తాడు. అధికారి దాన్ని పట్టుకొని పల్లెవెలుగు ఎక్కాలి, నిలబడే ప్రయాణం. దిగాక ఊళ్ళోకి నడవాలి. దారిలో ఫోను మోగుతుంది, పైఅధికారిది, ఎత్తి తీరాలి. ఇంటికి తాళం వేసి ఉంటుంది. తాళంచెవి జేబులోనే ఉంటుంది, కవరున్న చేతి వైపు జేబులో. గుడ్లు పది మిగిలితే పాసు. ఎనిమిదయితే సప్లిమెంటరీ. నూనె ప్యాకెట్టు పగిలితే బదిలీ. కొత్తిమీరకు మార్కుల్లేవు, దాన్ని ప్రాణాలతో ఇంటికి తెచ్చినవాడు ఇంతవరకూ లేడు.