చేదు లేని చేదు

ఈ కాలం పిల్లలకి చేదు కావాలి, అది చేదుగా మాత్రం ఉండకూడదు. బెంగుళూరులో ఉద్యోగం వెలగబెడుతున్న మా మనవడు సెలవులకి మద్రాసు పక్కన ఆవడి వచ్చాడు. సంచిలో ఒక జిన్ను సీసా, ఒక తీపి వెర్ముత్ సీసా. నెగ్రోని అనే కాక్‌టెయిల్ కలపాలట. అందులో పడాల్సిన మూడోది కాంపారి అనే ఎర్రటి చేదు మందు. వీధి చివర మద్యం కొట్టు కిటికీలో చెయ్యి పెట్టి కాంపారి ఇమ్మంటే, లోపలివాడు "క్వార్టరా, హాఫా?" అన్నాడట. ఏ సైజులోనూ లేదని తేలాక వీడూ, వీడి స్నేహితులూ ఫ్రిజ్ తెరిచి రోజ్ సిరప్ పోసేశారు.

"రంగు కుదిరింది కదా తాతా!"

రంగుదేముందిరా? 1860లో ఇటలీలో గస్పారె కాంపారి అనే ఆయన ఆ మందు కట్టాడు. దాని ఎరుపు ఎక్కణ్ణించి వచ్చేదో తెలుసా? కోచినీల్ అనే పురుగుల్ని ఎండబెట్టి తీసిన రంగు. 2006 ప్రాంతంలో కంపెనీయే ఆ పురుగుల్ని మానేసి వేరే రంగు వేసుకుంది. తాగేవాళ్లెవరూ మానలేదు. అదే, చేదు తీసేసి అమ్మమను చూద్దాం.

నేను టాంకు ఫ్యాక్టరీలో చేసి రిటైరైనవాణ్ణి. ఒక పార్టు దొరక్కపోతే, బదులు పెట్టేదానికి అదే రంగు పెయింటు ఉందా అని మా షాపులో ఎవడూ చూడలేదు. ఎంత బరువు మోస్తుంది, ఎంత వేడికి ఆగుతుంది అన్నదే లెక్క. కాంపారిదీ అంతే. గ్లాసులో అది మూడోవంతు. ఆ మూడోవంతు ఆల్కహాలు తెస్తుంది (సుమారు 25 శాతం), దండిగా పంచదార తెస్తుంది, నారింజ తొక్క వాసన తెస్తుంది, మింగాక నాలుక వెనక చాలాసేపు నిలిచే చేదు తెస్తుంది. వీటిలో ఏవి తెస్తావో చెప్పు, అప్పుడు బదులు మాట్లాడదాం. రోజ్ సిరప్ పంచదార ఒక్కటే తెచ్చింది.

వాడి స్నేహితుడొకడు అపెరోల్ పోస్తే సరిపోతుందన్నాడు. అదీ ఇటలీదే, 1919 నాటిది, 11 శాతమే, కమలాపండు మిఠాయిలా ఉంటుంది. చేదంటే భయపడేవాళ్ల కోసం చేసిన చేదు. అది తప్ప దిక్కు లేకపోతే జిన్ను పెంచి వెర్ముత్ తగ్గించాలి, లేకుంటే గ్లాసంతా పానకమే. ఇంకొకడు అంగోస్టూరా బిటర్స్ అన్నాడు. మిలిటరీ ఆఫీసర్ల మెస్సుల్లో పింక్ జిన్ అని జిన్నులో చిలకరించేవాళ్లే, అది. చుక్కల్లో వాడేది, 44.7 శాతం. కాంపారి కొలతకి 30 మిల్లీలీటర్లు పోశావంటే లవంగం, దాల్చినచెక్క తప్ప జిన్ను ఉన్నట్టే తెలీదు. నాలుగు చుక్కలు వేసి, పంచదార పాకం, నారింజ తొక్క విడిగా కలుపుకుంటే కొంత నయం. ఆర్టిచోక్ ఆకులతో చేసే చినార్ అని ఒకటుంది. రంగు గోధుమ, 16.5 శాతం, కానీ చేదు నిజం. నన్నడిగితే అపెరోల్ కంటే అదే దగ్గర. రంగు చూసేవాడికి మాత్రం అదే దూరం.

మా రోజుల్లో బదులు అంటే ఏమిటో వీళ్లకి చెప్పినా ఎక్కదు. 1948 నుంచీ మద్రాసు రాష్ట్రమంతా మద్యనిషేధం. 1955లో ఇదే ఆవడిలో కాంగ్రెస్ మహాసభ జరిగి సోషలిస్టు తరహా సమాజం అని తీర్మానం చేసినప్పుడు కూడా ఊరు పొడిగానే ఉంది. (పొడిగా అంటే కాగితం మీద.) 1971లో తెరిచారు, 1974లో మూశారు, 1981లో మళ్లీ తెరిచారు, 1983లో టోకు అమ్మకానికి టాస్మాక్ అనే సర్కారు సంస్థ పెట్టారు, 2003 నుంచి చిల్లర అమ్మకం కూడా సర్కారే చూసుకుంటోంది. మూసిన కాలంలో వెతికింది కాంపారికి బదులు కాదు, మందుకే బదులు. మందుల షాపులో అల్లం టింక్చర్, వైద్యశాలలో అరిష్టం. ఒళ్లు తెలియనివాళ్లు వార్నిష్ దాకా పోయి చూపు పోగొట్టుకున్నారు. మిలిటరీ క్యాంటీన్ రమ్ము దొరికే సుబేదారు పక్కింట్లో ఉంటే వీధిలో ఆయనకున్న మర్యాద మా ఫ్యాక్టరీ మేనేజరుకి లేదు.

ఇక చేదంటారా, అది మాకు అన్నంలోనే ఉండేది. వేపపువ్వు చారు, ఎండబెట్టిన ఉస్తికాయలతో పులుసు, అవిసాకు వేపుడు. ఇప్పుడు కాకరకాయని ఉప్పులో పిసికి, రసం పిండి, బెల్లం వేసి "కాకరకాయ కూర" అంటున్నారు. మా కోడలు ఉగాది పచ్చడిలో వేపపువ్వు మూడు రేకులు వేసి శాస్త్రం తీర్చేస్తుంది. డెంగీ వచ్చిన ఏళ్లలో సర్కారువాళ్లు ఊరంతా నేలవేము కషాయం పంచితే మనవడు ముక్కు మూసుకుని పారిపోయాడు. తొమ్మిది దినుసుల కషాయం అది! ఇటలీవాడు తన దినుసులేమిటో చెప్పకుండా సీసాకి వేలు వసూలు చేస్తుంటే లొట్టలేస్తాడు. చేదుని తీపి చేసుకోవడం పాత అలవాటేలెండి. నీలగిరుల్లో తెల్లవాళ్లు 1860 ప్రాంతంలో సింకోనా చెట్లు పెట్టించింది మలేరియాకి క్వినైన్ కోసం. ఆ క్వినైన్ మింగలేకే దొరలు తీపినీళ్లలో కలుపుకున్నారు, జిన్ను జోడించుకున్నారు. ఇప్పటి టానిక్ వాటర్లో ఆ క్వినైన్ నామమాత్రం. అమెరికాలో లీటరుకి 83 మిల్లీగ్రాములు దాటకూడదని రూలు.

సరే, తిట్టి ఊరుకోలేదు. దబ్బకాయ తొక్క తెల్లభాగంతో సహా ఒలిచి ఎండబెట్టాను, ఎందుకంటే చేదంతా ఆ తెల్లదాంట్లోనే ఉంటుంది. ఆ తొక్క, నేలవేము ఆకు చిటికెడు (చిటికెడే, అది చేదులన్నిటికీ రాజు), రెండు లవంగాలు జిన్నులో వేసి మూడు రోజులు ఉంచి, గుడ్డలో వడకట్టి, ముదురు పంచదార పాకం కలిపాను. సింకోనా బెరడు జోలికి మాత్రం వెళ్లలేదు. ఇంట్లో దాని మోతాదు తూచలేం, ఎక్కువైతే చెవుల్లో హోరు. ఎరుపు కావాలని ఏడిస్తే బీట్‌రూట్ ముక్క ఒకటి వేశాను, పురుగులకంటే నయమేగా.

వాడు ఒక గుక్క తాగాడు, గ్లాసు కింద పెట్టాడు, మంచినీళ్లు తాగాడు. లోపల్నించి కోడలు వచ్చి గ్లాసు వాసన చూసి, "పిల్లాడికి ఇంత చేదు కలుపుతారా మామయ్యా!" అని నా మీద పడింది. పిల్లాడికి వచ్చే నెల ఇరవయ్యెనిమిది నిండుతాయి.