తాత పారను వదిలించుకునే పద్ధతి

పెద్దమందడిలోనో ఆ చుట్టుపక్కల ఊళ్లలోనో ఉండి, ఇంటి వెనక నాలుగు మొక్కలు పెంచాలని ముచ్చటపడేవాళ్ల కోసం ఈ సలహాలు. మొక్కల గురించి మీకు బెంగ అక్కర్లేదు. 2015లో మొక్కలు నాటే హరితహారం కార్యక్రమం వచ్చింది, 2018 పంచాయతీరాజ్ చట్టం ఊరికో నర్సరీ ఉండాలంది. జామో, ఉసిరో, కరివేపాకో ఉత్త పుణ్యానికే గడపలోకి వస్తుంది. అసలు అడ్డంకి పశువుల కొట్టం గోడకు ఆనించి ఉంటుంది. దాని పేరు తాత పార. అది పనిచేస్తున్నన్నాళ్లు మీరు తోటపని సామాను కొనడానికి ఇంట్లో ఒక్కరూ ఒప్పుకోరు.

ముందు శత్రువును సరిగ్గా చూడండి. కొన్నప్పుడు జానెడు పైనే ఉన్న రేకు ఇప్పుడు బెత్తెడు మిగిలింది. అంచు వంకరగా, ఒకవైపే ఎక్కువ అరిగి ఉంటుంది. తాత ఎప్పుడూ ఒకే పక్కకు ఒరిగి తవ్వేవాడు కాబట్టి అట్లా అరిగింది. తుమ్మ కామ నల్లబడి, చేతులు పట్టుకునే రెండుచోట్ల మాత్రం నున్నగా మెరుస్తుంది. దాని సర్వీసు రికార్డు కూడా గట్టిదే. పాలమూరు కూలీలు గుంపు మేస్త్రీల వెంట డ్యాములకు, కాలువలకు వలసపోయిన రోజుల్లో ఇలాంటి పారలే మట్టి తోడాయి. 2006లో ఉపాధి హామీ తొలి విడతలోనే మన పాలమూరుకు, అంటే పాత మహబూబ్‌నగర్ జిల్లాకు వస్తే, పనికి పోయినవాళ్ల భుజాన ఉన్నవీ ఇవే. ఇంత అనుభవం ఉన్నదాన్ని రిటైర్ చేయించడం తేలిక కాదు. ఓపిక కావాలి.

మొదటి పని: తడి మట్టితోనే పడేయండి. సాయంత్రం పని కాగానే గడ్డితో తుడిచి, చారెడు నీళ్లతో కడిగి, ఎండబెట్టే పాత అలవాటు ఎవరికైనా ఉంటే మాన్పించండి. ట్రాక్టర్‌లోంచి తీసిన నల్ల ఆయిల్‌ను గుడ్డపేలికతో రేకుకు రాసేవాళ్లు కూడా ఉన్నారు, వాళ్లను పెరట్లోకి రానివ్వొద్దు. రాత్రంతా వానలో ఉంచి, మర్నాడు ఎండలో పెడితే ఇంకా మంచిది. తుప్పు తన పని తాను చేసుకుంటుంది, కామ ఎండి కన్నంలో లొడలొడలాడుతుంది. అప్పుడు ఎవరైనా పెద్దమనిషి వచ్చి, "రాత్రికి నీళ్లల్ల నానేయ్, తెల్లారేసరికి కట్టె ఉబ్బి బిగుసుకుంటది" అని చెప్పొచ్చు. విననట్టు ఉండండి. నిజంగానే బిగుసుకుంటుంది, అదే ప్రమాదం.

అన్నిటికన్నా ముఖ్యం, కొలిమి వైపు వెళ్లకపోవడం. ఇక్కడ కొంచెం చరిత్ర చెప్పాలి. ఒకప్పుడు పంట చేతికి రాగానే కల్లంలోనే కమ్మరికి ఇన్ని వడ్లు మేర కింద కొలిచేవారు. అంటే ఏడాది మరమ్మతుకు డబ్బు ముందే కట్టినట్టు. కర్రు మొద్దుబారినా, కొడవలికి కక్కు పోయినా, పార అంచు మడతపడినా తీసుకుపోయి పడేయడమే, జేబులో చెయ్యి పెట్టే పనిలేదు. కమ్మరి దాన్ని ఎర్రగా కాల్చి, పట్టకారుతో పట్టి దాగలి మీద పెట్టి, సమ్మెటతో అంచు సాగగొట్టి, నీళ్లలో ముంచితే చుయ్యిమనేది. అరిగిన ఇనుముకు మళ్లీ ఇంకో ఏడాది. తాత పార ముసలిదయింది ఇనుము మంచిదని మాత్రమే కాదు, మరమ్మతు ఖర్చు వడ్లలో కలిసిపోయి ఎవరికీ కనబడలేదు కాబట్టి. ఇప్పుడు మేర లేదు, కొలిమికి పోతే చేతిలో రూపాయలు పెట్టాలి, మధ్యాహ్నం దాకా కూర్చోవాలి. కొత్తది కొనాలంటే మంచం మీదనే బొటనవేలు కదిపితే చాలు. లెక్క మీకు అనుకూలంగా ఉంది, వాడుకోండి.

ఇక కొనుగోళ్లు. పెబ్బేరు శనివారం సంతకు వెళ్లొద్దు. అక్కడ కొడవలి, కుర్పీ చేత్తో ఎత్తి, గోటితో మోగించి చూసి కొనే జనం ఉంటారు. మీకు సిగ్గేస్తుంది. ఫోన్‌లోనే మూడు ముక్కల గార్డెన్ కిట్టు తెప్పించండి: చిట్టి పార, చిట్టి ముళ్ల పంజా, చిట్టి కుర్పీ, పచ్చ ప్లాస్టిక్ పిడులు. దాంతోపాటు కొబ్బరిపొట్టు ఇటుక, చేతి పంపు స్ప్రేయర్, మొక్కల పేర్లు రాసుకునే తెల్ల పలకలు, పూల బొమ్మల చేతిగ్లౌజులు. ఒక్కోటి విడిగా చూస్తే చాయ్ ఖర్చుకు కొంచెం ఎక్కువ, అందుకే ఎవరూ అడగరు. కలిపి కూడితే ఆ డబ్బుతో తాత పారకు ఎన్నేళ్లు సాన పట్టించవచ్చో లెక్కేయకండి. అసలు తోటపనికి లెక్కలు పడవు.

కిట్టును చెల్కలో దింపేటప్పుడు మాత్రం మెల్లగా. మన ఎర్రమట్టిలో వేలెడు లోతుకే రాయి తగులుతుంది. పంజా మెడ దగ్గర, పలుచని రేకును నొక్కి గొట్టంలా చుట్టినచోట, మొదటి రాయికే పచ్చ పెయింట్ పెచ్చు లేస్తుంది. రెండో రాయికి మెడ వంగుతుంది. మూడో రాయి గురించి చెప్పను. వంగినదాన్ని చేత్తోనే సరిచేసుకోవచ్చు, అదొక సౌకర్యం. గుంత కాకపోతే తవ్వడం ఆపి ఫొటో దిగండి, గ్లౌజులు కొత్తగా ఉన్నప్పుడే.

ఇంక మిగిలింది పారను సాగనంపడం. "పాత ఇనుప సామానుకు ఉల్లిగడ్డలూ" అని బండి వీధిలోకి వచ్చినప్పుడు, కామ ఊడదీసి రేకు తూకానికి ఇచ్చేయండి. అరిగిపోయిన పార కదా, ఉల్లిగడ్డలు ఒక పూట కూరకు సరిపోతే గొప్ప. ఇచ్చేముందు ఇంట్లో అవ్వ ఉందో లేదో చూసుకోవాలి, ఈ సంగతి చాలామంది మరిచిపోతారు. సాయంత్రం ఆమె కొట్టం దగ్గరికి పోయి, "ఏం బిడ్డా, పార కనబడ్తలేదు? మడికి నీళ్లు మలపాలె" అంటుంది. చిట్టి పారను చూపించండి. ఆమె దాన్ని అరచేతిలో పెట్టుకుని తిప్పి చూసి, "దీంతోని అన్నం వడ్డిస్తరా?" అని అడుగుతుంది. దానికి జవాబు కిట్టు డబ్బా వెనక అచ్చువేయలేదు. ఉల్లిగడ్డల బండి ఇంకా ఊరు దాటి ఉండదు, ఉరకండి. తీసుకున్న గడ్డలు వెంట పట్టుకుపోండి, తరిగినవి మాత్రం వాపసు తీసుకోడు.