మనోడే

బడాయికీ భూమి రేటుకీ దగ్గరి చుట్టరికం. కావాలంటే కండ్లకోయ వచ్చి చూడండి. నాగ్‌పూర్ హైవేకు ఔటర్ రింగ్ రోడ్డు అడ్డం పడే ఆ జంక్షన్ చుట్టుపక్కల ఏ టీకొట్టు ముందైనా ఒక అన్న కనిపిస్తాడు. ఇస్త్రీ నలగని తెల్లచొక్కా, జేబులో రెండు ఫోన్లు, వేలికి తిరిగే కారు తాళంచెవి. కారు మాత్రం ఎప్పుడూ సర్వీసింగులోనే.

ఉర్దూలో బడాయి అంటే గొప్పతనమే. మన దగ్గరికొచ్చేసరికి దానికి గాలి ఎక్కింది. కుర్రాళ్లు బిల్డప్ అంటారు. అన్న ఇంటి ఆడవాళ్లయితే ఎచ్చులు అని మూతి తిప్పుకుంటారు.

"ఎమ్మార్వోనా? మనోడే. ఎస్సై నిన్న రాత్రి మనతోనే బువ్వ తిన్నడు." 158 కిలోమీటర్ల ఔటర్ ఇటుగా వెళ్లడంలోనూ ఆయన చెయ్యి ఉందట. "నేను ఊ అన్నంకనే గీత గీసిండ్రు తమ్మీ!" 2022 ఫిబ్రవరిలో ఇక్కడ గేట్‌వే ఐటీ పార్కుకు కేటీఆర్ శంకుస్థాపన చేసిన నాటి ఫొటో ఒకటి ఫోన్లో దాచుకున్నాడు. దాన్ని రెండు వేళ్లతో పెద్దది చేసి, ఇంకా పెద్దది చేసి, గుంపు వెనకాల ఎవరిదో ఒక చెవి దగ్గర ఆపుతాడు.

"గది నేనే."

గుంటల్లో మాట్లాడటం ఆయనకు నామోషీ. ఎకరాలే. ఎకరానికి ఎన్ని గజాలని ఓ పిల్లాడు అడిగితే, "గజాలు చిల్లర బేరం, మనం ముట్టం" అన్నాడు. 4,840 అని టీ వడకడుతూనే కొట్టువాడు చెప్పాడు.

ఆ బల్ల చివరనే నిజంగా భూమి ఉన్న తాత ఒకాయన, లుంగీ పైకి మడిచి, సాసర్‌లో చాయ్ ఊదుకుంటూ కూర్చుంటాడు. పాసుబుక్కులో ఆయన పేరు తప్పు పడింది. "ఫికర్ జెయ్యకు తాతా, ఆఫీసులో అందరు మనోళ్లే" అంటూ అన్న తాత వెంట బయల్దేరాడు. అక్కడ అన్నను గుర్తుపట్టినవాడు ఒక్కడూ లేడు. అయినా వెనక్కి రాలేదు. తాతను నీడన కూర్చోబెట్టి, ఆయన బదులు తనే లైన్లో నిలబడ్డాడు, దరఖాస్తు నింపాడు, జిరాక్సుకు రెండుసార్లు పరిగెత్తాడు. తెల్లచొక్కా వీపంతా తడిసిపోయింది.

సాయంత్రం కొట్టు దగ్గర మళ్లీ గొంతు సవరించుకున్నాడు. "నన్ను చూడంగనే సారు కుర్చీలకెళ్లి లేసిండు. గంతే, ఐదు నిమిషాల పని."

తాత తల ఊపి, రెండు చాయ్‌లకూ తనే పైసలిచ్చాడు.